డాక్టర్ వైలీ, కుళ్ళిన చేపల డబ్బా

రసాయనశాస్త్రం చదివే విద్యార్థికి లవాయిజియర్, మెండలీవ్, క్యూరీ దంపతులు, మన ప్రఫుల్లచంద్ర రాయ్ పేర్లు కొట్టిన పిండి. హార్వే వాషింగ్టన్ వైలీ పేరు మాత్రం మన సిలబస్సులో ఎక్కడా తగలదు. తగలకపోవడంలో ఆశ్చర్యం కూడా లేదు. ఆయన కొత్త మూలకాన్నేదీ కనిపెట్టలేదు. ఆయన పేరు మీద సూత్రమూ లేదు, సమీకరణమూ లేదు. జనం తినే తిండిని ప్రయోగశాలకు తెచ్చి పరీక్షించడం, అందులో ఏముందో నదురూ బెదురూ లేకుండా చెప్పడం, ఇదే ఆయన పని. అమెరికా ప్రభుత్వ వ్యవసాయశాఖలో 1883 నుంచి 1912 వరకు ఇరవై తొమ్మిదేళ్ళు ముఖ్య రసాయనికుడుగా ఆ పనే చేశాడు. 1906లో వచ్చిన అక్కడి శుద్ధాహార, ఔషధ చట్టానికి ఆయన్ని జనకుడిగా చెప్పుకుంటారు.

ఆయన్ని గురించి రాసేవాళ్ళు సాధారణంగా విషం తిన్న కుర్రాళ్ళ కథతో మొదలుపెట్టి, కోకాకోలా కేసుతో ముగిస్తారు. నేను ఆ దారిన పోదలచుకోలేదు. అవన్నీ వస్తాయి గాని, నా దృష్టి అంతా ఒక మామూలు వస్తువు మీద ఉంది. అది లోపల చేప కుళ్ళి, పైన లేబిలు నిగనిగలాడే తగరపు డబ్బా. వైలీ చేసిన పెద్ద పెద్ద యుద్ధాల్లో చాలా వాటిలో ఆయన ఓడాడు. ఈ చిన్న డబ్బా దగ్గర మాత్రం గెలిచాడు. ఎలా గెలిచాడన్నదే నేను చెప్పదలచుకున్న సంగతి.

వైలీ 1844 అక్టోబరు 18న ఇండియానా రాష్ట్రంలో కెంట్ అనే పల్లె దగ్గర పుట్టాడు. తండ్రి వ్యవసాయదారుడు, మతబోధకుడు, బానిసత్వమంటే గిట్టని మనిషి. కొడుకు హానోవర్ కాలేజీలో చదువుతూ మధ్యలో 1864లో అంతర్యుద్ధానికి పోయి కొన్ని నెలలు సిపాయిగా పనిచేసి వచ్చాడు. 1867లో పట్టా, 1871లో వైద్యంలో డిగ్రీ, 1873లో హార్వర్డులో ఇంకో పట్టా. నడుమ కొంతకాలం లాటిన్, గ్రీకు పాఠాలు చెప్పాడు. వైద్యం చదివాడే గాని ప్రాక్టీసు పెట్టలేదు. 1874లో కొత్తగా తలుపులు తెరిచిన పర్డ్యూ విశ్వవిద్యాలయానికి మొట్టమొదటి రసాయనశాస్త్ర ఆచార్యుడయ్యాడు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ముందుకు పోలేను. ఆచార్యుల వారు విద్యార్థులతో కలిసి బేస్‌బాల్ ఆడేవాడు. అది చాలదన్నట్టు ఎత్తు చక్రం సైకిలొకటి కొని, పొట్టి నిక్కరు తొడుక్కుని దాని మీదే కాలేజీకి వచ్చేవాడు. ధర్మకర్తల సంఘం వారు ఆయన్ని పిలిపించి, ప్రొఫెసరన్నవాడు కోతిలా చక్రమెక్కి వీధుల్లో తిరగడమేమిటని మందలించారు. వైలీ అక్కడికక్కడే రాజీనామా కాగితం రాసిచ్చాడు. వాళ్ళు పుచ్చుకోలేదనుకోండి. కాని 1883లో అధ్యక్ష పదవి ఖాళీ అయినప్పుడు ఆయనకు మొండిచెయ్యి చూపారు. బ్రహ్మచారి, వయసు చాలదు, గాంభీర్యం లేదు, ఇవీ అభ్యంతరాలు. ఆ ఏడాదే ఆయన వాషింగ్టన్ నగరానికి వెళ్ళిపోయాడు. ఆ పదవే దక్కివుంటే ఒక కాలేజీకి మంచి ప్రిన్సిపాలు దొరికేవాడు, అంతే. సైకిలు పుణ్యమా అని దేశానికి ఒక కల్తీ శత్రువు దొరికాడు.

అప్పటికే ఆయనకు ఈ రంగంలో చెయ్యి తిరిగింది. 1878లో జర్మనీ వెళ్ళి, బెర్లిన్‌లో ఆహార పరీక్షా పద్ధతులు నేర్చుకుని, పోలరైమీటరుతో చక్కెరల గుట్టు పట్టడం వంటబట్టించుకుని వచ్చాడు. ఇండియానాలో అమ్మే పాకాలను, తేనెలను అలా పరీక్షిస్తే చాలావాటిలో ఉన్నది మొక్కజొన్న గ్లూకోజు. వాషింగ్టన్ చేరాక 1887 నుంచి బులెటిన్ 13 పేరుతో వరసగా సంపుటాలు వేయించాడు. పాలు, వెన్న, మసాలాలు, కాఫీ, డబ్బాల్లో పెట్టిన కూరగాయలు దేన్నీ వదలలేదు. ఆకుపచ్చగా కనబడే డబ్బా బఠాణీల్లో ఆ పచ్చదనం రాగి లవణానిదని తేలింది. డబ్బా అతుకుల్లో వాడే మాటులోంచి సీసం తిండిలోకి దిగుతున్నదని తేలింది. ఇన్ని తేలినా శిక్షించడానికి చట్టం లేదు. 1879 నుంచి 1906 దాకా కాంగ్రెసులో ఆహార బిల్లులు వందకు పైగా వచ్చాయి, వచ్చినవి వచ్చినట్టే నీరుగారిపోయాయి.

ఇక చేపల సంగతికి వద్దాం. మన కోస్తా ఊళ్ళలో చేప మిగిలితే ఉప్పులో వేస్తారు, లేదా ఎండబెడతారు. ఎండుచేప అంటే ఏమిటో కొనేవాడికి కళ్ళకు కనబడుతుంది, ముక్కుకూ తెలుస్తుంది. డబ్బా వచ్చాక కొనేవాడికి ఈ రెండు సాక్ష్యాలూ పోయాయి. అమెరికాలో పసిఫిక్ తీరాన సాల్మన్ చేపను డబ్బాల్లో పెట్టే పరిశ్రమ 1864లో కాలిఫోర్నియాలో శాక్రమెంటో నది దగ్గర మొదలై, కొలంబియా నదికీ, తర్వాత అలాస్కాకూ పాకింది. అట్లాంటిక్ వైపు మేన్ రాష్ట్రంలో ఈస్ట్‌పోర్ట్ ఊళ్ళో 1870ల మధ్యలో సార్డీన్ డబ్బాల పరిశ్రమ లేచింది. నిజానికి అవి సార్డీన్లు కావు, పిల్ల హెర్రింగులు. మన తీరంలో దొరికే కవళ్ళకు దూరపు చుట్టాలు. వాటిని పత్తిగింజల నూనెలో వేసి, పైన ఫ్రెంచి పేరున్న లేబిలు అంటించి, ఆలివ్ నూనెలోని ఫ్రాన్సు సరుకుగా చలామణీ చేసినవాళ్ళున్నారు. అది పేరులో మోసం. కుళ్ళు ఇంకో రకం మోసం.

సాల్మన్ చేప నదిలోకి ఎదురెక్కేది ఏడాదిలో కొన్ని వారాలే. ఆ రోజుల్లో చేప ఉప్పెనలా వచ్చి పడుతుంది. ఫ్యాక్టరీ యంత్రాల తాహతు మాత్రం అంతే ఉంటుంది. కనక చేప పడవల్లో, నేల మీద గుట్టలుగా ఎదురుచూస్తుంది. ఎండా, గాలీ తమ పని తాము చేస్తాయి. హెర్రింగుకు ఇంకో ఇబ్బంది. కడుపు నిండా మేత ఉన్నప్పుడు పడితే, ఆ మేతతోపాటే పొట్ట కుళ్ళి పగిలిపోతుంది. వలకట్టులో కొంతకాలం ఆపి, కడుపు ఖాళీ అయ్యాకే తీయాలి. ఆగే ఓపిక అందరికీ ఉండొద్దూ!

మనం గమనించవలసిన సూక్ష్మం ఒకటుంది. డబ్బా చెడటం రెండు విధాలు. సీలు సరిగా పడకో, వేడి చాలకో లోపల సూక్ష్మజీవులు మిగిలితే వాయువు పుట్టి డబ్బా మూతలు ఉబ్బుతాయి. దీన్ని చిన్నపిల్లవాడైనా పట్టగలడు. అందుకనే కొందరు ఘనులు ఉబ్బిన డబ్బాకు చిల్లు పొడిచి, గాలి పోగొట్టి, మళ్ళీ ఉడికించి, చిల్లు మీద మాటు వేసేవాళ్ళు. మూత మీద రెండు మాటు చుక్కలుంటే అనుమానించాలన్నమాట. రెండో విధం మరీ గడుసుది. డబ్బాలోకి పోకముందే చేప కుళ్ళింది. దాన్ని సీలువేసి ఒత్తిడి ఆవిరిలో ఉడికిస్తారు. సూక్ష్మజీవులన్నీ చచ్చిపోతాయి. డబ్బా ఉబ్బదు, ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. కాని కుళ్ళు మాత్రం ఎక్కడికి పోతుంది? ప్రోటీను విరిగి పుట్టిన ఎమీన్లు, ఇండోల్ వేడికి వెనక్కి తిరిగి ప్రోటీను కావు. డబ్బా కోసినప్పుడు వాసన చెబుతుంది. రసం మడ్డిగా ఉంటుంది, సాల్మన్ కండ ఎరుపు తగ్గి మెత్తబడి ఉంటుంది. సూక్ష్మదర్శిని కింద చచ్చిన బాక్టీరియా గుంపులు కనబడతాయి. పరీక్ష చేసేవాడికి తెలుస్తుంది. అంగట్లో కొనేవాడికి తెలియదు.

వైలీకి డబ్బా మీద కోపం లేదు. వేడి, చలి, ఉప్పు, పంచదార, పొగ, వెనిగరు, ఇవి నిజాయితీ అయిన పద్ధతులని ఆయన అభిప్రాయం. ఆయన కోపమల్లా చెడిన దాన్ని మంచిదిగా కనిపింపజేసే పద్ధతుల మీద. బోరాక్సు, ఫార్మాల్డిహైడు, సాలిసిలిక్ ఆమ్లం, బెంజోయేటు లాంటివి అప్పట్లో విచ్చలవిడిగా వాడేవాళ్ళు. వీటి వల్ల ఆరోగ్యానికి హాని ఉందా లేదా అని తేల్చడానికి 1902 చివర్లో పన్నెండు మంది యువ ఉద్యోగులను కూర్చోబెట్టి రోజుకు మూడు పూటలా ఉచితంగా భోజనం పెట్టాడు. ఆ భోజనంలోనే కొలిచిన మోతాదులో మందులు. పత్రికలవాళ్ళు దీనికి విషదళం అని పేరు పెట్టి ఊరూరా ప్రచారం చేశారు. (మా హాస్టలు మిత్రులు కొందరు ఈ కథ విని, ఆ పన్నెండుగురి కంటే తమ సర్వీసు ఎక్కువేనన్నారు. మెస్సు పేరు నేను రాయను.) ఆ కుర్రాళ్ళు నెలల తరబడి తిన్నారు, తలనొప్పులూ కడుపునొప్పులూ పడ్డారు. శాస్త్రీయంగా చూస్తే ఆ ప్రయోగంలో లోపాలు లేకపోలేదు. తాము తినేదేమిటో తెలిసి తిన్నవాళ్ళు వాళ్ళు. మందు లేని భోజనంతో పోల్చి చూడటానికి వేరే దళం పెట్టలేదు. అయినా జనానికి విషయం నెత్తికెక్కించినది ఈ ప్రయోగమే.

ఆ తర్వాత అప్టన్ సింక్లెయిర్ నవల, మహిళా సంఘాల ఉద్యమం, అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ పట్టుదల అన్నీ కలిసివచ్చాయి. 1906 ఫిబ్రవరిలో సెనేటులో 63 ఓట్లకు 4 ఓట్లు, జూన్‌లో ప్రతినిధుల సభలో 241కి 17. జూన్ 30న రూజ్‌వెల్ట్ సంతకం పెట్టాడు. 1907 జనవరి 1 నుంచి చట్టం అమలులోకి వచ్చింది.

ఈ చట్టంలో ఏడో సెక్షను కల్తీ అంటే ఏమిటో చెబుతుంది. ఆహారం విషయంలో అందులో ఆరు క్లాజులు. అయిదో క్లాజు ప్రకారం, ఆరోగ్యానికి హాని చేయగల విషపదార్థం కలిపితే కల్తీ. ఆరో క్లాజు ప్రకారం, మొత్తంగా గాని కొంతభాగం గాని మురికిదో, కుళ్ళినదో, మురిగినదో అయిన జంతు, వృక్ష పదార్థం ఉంటే కల్తీ. ఈ ఆరో క్లాజులో హాని అన్న మాటే లేదు. చదువరులు ఈ తేడాను జ్ఞాపకం ఉంచుకోవాలని నా మనవి. వైలీ జీవితంలో సగం గొడవ అయిదో క్లాజు తెచ్చిపెట్టినదే.

చట్టం వచ్చాక దాన్ని నడిపే యంత్రాంగం కావాలి కదా. 1907లో వాల్టర్ కాంప్‌బెల్ అనే యువ న్యాయవాది ఛీఫ్ ఇన్‌స్పెక్టరుగా చేరాడు. కొద్దిమంది ఇన్‌స్పెక్టర్లు అంత దేశానికీ. పద్ధతి ఇదీ: ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పోయిన సరుకులోంచి శాంపిలు తీస్తారు. వైలీ ప్రయోగశాలల్లో పరీక్షిస్తారు. చెడ్డదని తేలితే ప్రభుత్వ న్యాయవాది ఫెడరల్ కోర్టులో దావా వేస్తాడు. ఎవరి మీదనుకున్నారు? యజమాని మీద కాదు, సరుకు మీద! అమెరికా ప్రభుత్వం వాది, ఇన్ని పెట్టెల సాల్మన్ డబ్బాలు ప్రతివాది. మార్షల్ వచ్చి ముద్దాయి పెట్టెలను జప్తు చేస్తాడు. యజమాని కోర్టుకొచ్చి తన సరుకేనని చెప్పుకుంటే విచారణ జరుగుతుంది. ఎవరూ రాకపోతే ఏకపక్షంగా తీర్పు ఇచ్చి సరుకును నాశనం చేయిస్తారు. చాలాసార్లు ఎవరూ వచ్చేవారు కారు. కుళ్ళిన చేపకు నేనే తండ్రినని ఎవరు చెప్పుకుంటారు? మనుషుల మీద వేసే జుర్మానా మాత్రం స్వల్పం. ఇంకో రాష్ట్రానికి పంపినందుకు మొదటి తప్పుకు 200 డాలర్లు మించకూడదు. పెద్ద కంపెనీకి అది లెక్కలోది కాదు. సరుకు పోవడమూ, తీర్పు వివరాలు ప్రభుత్వం అచ్చువేసి పంచడమూ వాళ్ళకు అసలు దెబ్బ. ఆ తీర్పు ప్రకటనల్లో సార్డీన్లూ, సాల్మనూ ఏళ్ళ తరబడి కనబడతాయి.

సరుకు గమ్యం చేరి గోదాములో పడ్డాక జప్తు చెల్లదని ఒక వాదన లేచింది. సెయింట్ లూయీ నుంచి ఇలినాయ్ రాష్ట్రంలో పియోరియాకు పోయిన 50 డబ్బాల గుడ్ల ముద్ద మీద ఈ తగాదా వచ్చింది. అందులో బోరిక్ ఆమ్లం కలిపారు. 1911లో సుప్రీం కోర్టు జప్తు చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఈ తీర్పు లేకపోతే రైలు కదులుతుండగానే డబ్బాలు పట్టుకోవలసి వచ్చేది.

సరే, అయిదో క్లాజు గొడవ చూద్దాం. 1908 జనవరిలో వైట్‌హౌస్‌లో ఆహార కంపెనీల వాళ్ళు రూజ్‌వెల్ట్‌తో మొరపెట్టుకుంటున్నారు. మాట సాకరిన్ మీదికి వచ్చింది. వైలీ ఆగలేక మధ్యలో కలగజేసుకుని, మొక్కజొన్న డబ్బాల్లో అది కలపడం మోసమూ, హానికరమూ అన్నాడు. రూజ్‌వెల్ట్ గారికి వైద్యుడు రోజూ ఇస్తున్నది సాకరినే! ఆయనకు ఒళ్ళు మండింది. ఆ వెంటనే వైలీ నిర్ణయాలను తిరగదోడేందుకు శాస్త్రవేత్తల మండలి ఒకటి ఏర్పాటయింది. దానికి అధ్యక్షుడు ఐరా రెమ్సెన్. సాకరిన్ కనిపెట్టిన ఇద్దరిలో ఒకరు రెమ్సెన్ అని ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివినవారికి నేను చెప్పనక్కరలేదు. ఆ మండలి 1909లో బెంజోయేటు కొద్ది మోతాదులో హానికరం కాదని తేల్చింది. శాస్త్రం ప్రకారం వాళ్ళు చెప్పింది తప్పని నేననను. వైలీ అసలు అభ్యంతరం వేరు. కుళ్ళిన టమాటా తుక్కుతో కెచప్ చేసే వీలు కల్పిస్తున్నది ఆ మందే. మంచి పండు, శుభ్రమైన చెయ్యి ఉంటే మందు అక్కరలేదని హైంజ్ కంపెనీ చేసి చూపించింది కూడా. కాని చట్టం ముందు ఆయన నిరూపించవలసింది హాని. అక్కడే ఆయన బండి చిక్కుకుంది.

1911లో చట్టనూగలో కోకాకోలా మీద కెఫీన్ కేసు నడిపి మొదటి కోర్టులో ఓడిపోయాడు. ఆ కేసులో ఆయన పట్టుదల హద్దు మీరిందనే నా అభిప్రాయం. అదే ఏడాది ఒక నిపుణుడికి జీతం నిబంధనలు మీరి ఇప్పించాడని ఆఫీసులోని ప్రత్యర్థులు ఆయన మీద అభియోగం తెచ్చారు. అధ్యక్షుడు టాఫ్ట్ విచారించి నిర్దోషిగా వదిలేశాడు. అయినా పైఅధికారులు చేతులు కట్టేసిన ఉద్యోగం ఎన్నాళ్ళు? 1912 మార్చి 15న రాజీనామా చేశాడు. ఈసారి కాగితం తిరిగి రాలేదు.

ఆయన వెళ్ళిన రెండేళ్ళకు, 1914లో, రెండు తీర్పులు వచ్చాయి. లెక్సింగ్టన్ మిల్లు కేసులో పిండిని తెల్లబరిచే రసాయనం గురించి సుప్రీం కోర్టు, కలిపిన పదార్థం ఆరోగ్యానికి హాని చేయగలదని ప్రభుత్వమే చూపాలంది. అయిదో క్లాజు పదును అలా తగ్గిపోయింది. అదే సంవత్సరం ఆరెగాన్ ఫెడరల్ కోర్టులో 200 పెట్టెల కెచప్ కేసు. అక్కడ ఆరో క్లాజు. కుళ్ళింది అని తేలితే చాలు, తిన్నవాడికి జబ్బు చేస్తుందని నిరూపించనక్కరలేదని తీర్పు. 1922లో పసిఫిక్ తీరపు అప్పీలు కోర్టు ఆండర్సన్ కంపెనీ వారి సాల్మన్ డబ్బాల విషయంలో ఇదే దారి తొక్కింది. ఉడికించాం, సూక్ష్మజీవి చచ్చింది, ఎవరూ చావలేదు, మరి తప్పేమిటి అన్న వ్యాపారి వాదానికి తలుపు మూతపడింది. డబ్బు పెట్టి చేప కొన్నవాడికి చేపే ఇవ్వాలి, జబ్బు చేయని కుళ్ళు కాదు.

1938లో అమెరికా ఆ చట్టాన్ని తిరగరాసినప్పుడు ఆరో క్లాజు మాటలను దాదాపు అలాగే ఉంచుకుని, మనుషుల తిండికి పనికిరానిది అన్న ముక్క చేర్చింది. మన దేశంలో 1954లో వచ్చిన ఆహార కల్తీ నిరోధక చట్టం నిర్వచనం తీసి చూస్తే, మురికి, మురిగిన, కుళ్ళిన జంతు వృక్ష పదార్థం అన్న మాటలు అక్కడా కనబడతాయి. 1955 జూన్ 1 నుంచి 2011 ఆగస్టులో కొత్త చట్టం వచ్చేదాకా మన ఊళ్ళ ఫుడ్ ఇన్‌స్పెక్టర్లు శాంపిళ్ళు తీసింది ఆ చట్టం కిందే.

వైలీ కడపటి రోజులు సుఖంగానే గడిచాయి. 1911లో, 66వ ఏట, తన కంటే ఎంతో చిన్నదైన ఆనా కెల్టన్‌ను పెళ్ళాడాడు. ఇద్దరు కొడుకులు. ఆమె స్త్రీల ఓటుహక్కు కోసం వైట్‌హౌస్ ముందు పికెటింగు చేసి 1917లో అరెస్టయింది కూడా. ఉద్యోగం వదిలాక ఆయన గుడ్ హౌస్‌కీపింగ్ పత్రికలో చేరి, వాళ్ళ ప్రయోగశాలలో సరుకులు పరీక్షిస్తూ, గృహిణుల కోసం వ్యాసాలు రాస్తూ పోయాడు. 1929లో తన చట్టానికి జరిగిన అన్యాయమంతా ఒక పుస్తకంగా రాసి సొంత ఖర్చుతో అచ్చువేశాడు. అందులో కసి పాలు కొంచెం ఎక్కువే.

చట్టం మీద సంతకం పడి సరిగ్గా ఇరవై నాలుగేళ్ళు నిండిన రోజున, 1930 జూన్ 30న, వాషింగ్టన్‌లో కన్నుమూశాడు. అర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో సమాధి చేశారు. అక్కడ చోటు దొరికింది మాత్రం తిండిని కాపాడినందుకు కాదు, 1864లో కొన్ని నెలలు సిపాయిగా పనిచేసినందుకు.